డిస్కు మార్చే ముందు తీగను చూడండి

బోరుబావిలో మోటారు ఆగిపోయిన నాడు ఏ రైతూ వెంటనే మనుషులను పిలిపించి దానిని పైకి తీయించడు. ముందు ఫ్యూజు చూస్తాడు, స్టార్టరు చూస్తాడు, స్తంభం నుండి వచ్చే తీగ ఎక్కడైనా తెగినదేమో చూస్తాడు. మూడు ఫేజులూ వస్తున్నవని నిర్ధారించుకొన్న తరువాత గాని మోటారును అనుమానించడు. పైకి తీయించడం ఎంత ఖర్చుతో కూడిన పనో అనుభవం అతనికి నేర్పింది. అయితే అదే రైతు సభ్యుడుగా ఉన్న సహకార సంఘంలోనో, ఎరువులు తెచ్చుకొనే దుకాణంలోనో సర్వరు ఆగిపోయినప్పుడు ఈ వివేకం ఎవరికీ గుర్తుకు రావడం లేదు. “డిస్కు పోయింది” అని ఒక మాట, కొత్త డిస్కుకు ఒక బిల్లు, ఖాతాలు రేపు చూద్దామని ఒక హామీ. వ్యవహారం అంతటితో ముగుస్తున్నది. ఈ అలవాటు మారవలసి ఉన్నదనీ, దానిని మార్చగలవారు మరమ్మతుకు వచ్చే మెకానిక్కులు కాదు, సొమ్ము చెల్లించే డీలర్లూ సంఘాల పాలకవర్గాలేననీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇది కంప్యూటర్ల వారి గొడవ, మనకేమిటి అని రుణగ్రహీత సోదరులు అనుకోరాదు. సకాలంలో చెల్లించిన స్వల్పకాలిక పంట రుణంపై 7 శాతం వడ్డీలో 3 శాతం రాయితీ లభించే విధానం 2025–26 సంవత్సరానికి కూడా కొనసాగింది. లక్ష రూపాయల రుణంపై ఏడాదికి అది 3,000 రూపాయలు. గడువు చివరి దినాన సొమ్ము చేతపట్టుకొని వచ్చిన రైతుతో “సర్వరు పనిచేయడం లేదు, రేపు రండి” అంటే ఆ 3,000 ఎవరి జేబులోనుండి పోతుంది? సర్వరు ఎక్కడ ఉన్నా, ఎవరిదైనా, నష్టం మాత్రం గ్రామంలోనే జరుగుతుంది.

డీలరు సంగతి మరొక రకం. 2018 నుండి దేశమంతటా ఎరువుల అమ్మకాలు పి.ఒ.ఎస్. యంత్రం ద్వారా నమోదవుతున్నవి. బస్తాల లెక్క ఆ విధంగా దూరాన భద్రంగా ఉంటుంది. కాని ఎవరికి ఎంత అరువు ఇచ్చారు, ఎవరు ఎంత జమ కట్టారు అన్న ఖాతా మాత్రం డీలరు సొంత కంప్యూటరులోనే ఉంటుంది. అది పోయిన నాడు డీలరు జ్ఞాపకానికీ రైతు జ్ఞాపకానికీ మధ్య తగవు తప్పదు. అటువంటి తగవులలో గట్టిగా మాట్లాడగలవాడే నెగ్గుతాడని వేరుగా చెప్పనవసరం లేదు.

సర్వరులో డిస్కు ఒంటరిగా ఉండదు. దానికి విద్యుత్తు ఇచ్చే తీగ ఒకటి, సమాచారం మోసే తీగ ఒకటి, లేదా రెండింటినీ కలిపి అందించే వెనుక పలక, ఆ పైన కంట్రోలరు అనే కార్డు. ఈ గొలుసులో ఏ లంకె సడలినా తెరమీద కనిపించేది ఒక్కటే: డిస్కు కనబడడం లేదు. అందుచేతనే నింద డిస్కుపై పడుతుంది. పాతకాలపు స్కజీ పద్ధతిలో తీగ రెండు కొనలా టెర్మినేటరు లేకపోతే మంచి డిస్కులు కూడా తడబడేవి. ఇప్పటి సాటా తీగలు సన్ననివి, పెట్టడం తేలిక, ఊడిపోవడమూ తేలికే. పెట్టె లోపల వాడే ఈ తీగ కొనలను మాటిమాటికీ తీసి పెట్టడానికి తయారు చేయలేదు. ప్రమాణం ప్రకారం వాటి ఆయుష్షు సుమారు 50 పర్యాయాలు మాత్రమే. ఇక సర్వరును ఎరువుల గోదాము పక్క గదిలో పెట్టేవారున్నారు. యూరియా చెమ్మను పీల్చుకొనే వస్తువు. ఆ ధూళి కనెక్టర్ల మొనలపై పేరుకొంటే ఏమవుతుందో ఊహించవచ్చును. ఎలుకల మాట సరేసరి. గింజలున్న చోట తీగను కొరకని ఎలుకను ఇంతవరకు ఎవరూ చూడలేదు.

లోపం తీగదా, డిస్కుదా అన్నది తెలుసుకొనడం అంత దుస్సాధ్యమేమీ కాదు. సాటా డిస్కు తన ఆరోగ్యాన్ని ‘స్మార్ట్’ అనే పట్టికలో తానే వ్రాసుకొంటుంది. ఆ పట్టికలో 5వ, 197వ సంఖ్యలు గల వరుసలు డిస్కు లోపల పాడైన, పాడవుతున్నవని అనుమానమున్న చోట్లను లెక్కిస్తాయి. 199వ వరుస డిస్కుకూ కంట్రోలరుకూ మధ్య దారిలో చెడిపోయిన సమాచారాన్ని లెక్కిస్తుంది. మొదటి రెండూ సున్నాగా ఉండి 199 పెరుగుతూ పోతున్నదంటే ముందుగా మార్చవలసినది తీగను. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. తీగ మార్చిన తరువాత కూడా ఆ అంకె వెనుకకు తగ్గదు. నిన్న 140 ఉన్నది నేడూ 140గానే నిలిచి ఉంటే రోగం కుదిరినట్లే. ఇది తెలియక మంచి డిస్కులను బయట పారవేసేవారు కలరు. సాస్ రకపు డిస్కులలో ఈ వరుసలు ఉండవు. అక్కడ కంట్రోలరు పోర్టుల వారీగా లెక్కించే తప్పులను చదవాలి.

పట్టిక చదవనక్కరలేని సూచనలు కూడా ఉన్నవి. రెండు మూడు డిస్కులు ఒకే నిమిషంలో మాయమైతే అవన్నీ ఒకేసారి పాడైనవని నమ్మడం కష్టం. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న విద్యుత్తు తీగనో, వెనుక పలకనో, కంట్రోలరునో పట్టుకోవాలి. పక్కనున్న మిల్లు మోటారు వేసినప్పుడల్లా డిస్కు పడిపోతున్నదంటే సంగతి యు.పి.ఎస్.లోనో ఎర్తింగులోనో వెదకాలి. సర్వరును సవ్యంగా ఆపివేసి, ఖాతాల నకలు ఉన్నదని రూఢి చేసుకొని, తీగను మంచి తీగతో మార్చి చూస్తే చాలావరకు తేలిపోతుంది. తప్పు డిస్కుతో పాటే ఉంటే డిస్కుది, పాత తీగ వెంట పోతే తీగది.

తొందరపాటు వలన కలిగే హాని ఇంతకంటె పెద్దది. 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు వివరించిన ‘రెయిడ్’ విధానంలో అనేక డిస్కులు కలిసి ఒక్కటిగా పనిచేస్తాయి. అందులో రెయిడ్ 5 అనే అమరిక ఒక్క డిస్కు పోయినా ఖాతాలను నిలబెడుతుంది, రెండవది పోతే నిలబెట్టలేదు. నాలుగు డిస్కుల సర్వరులో సడలిన తీగ వలన ఒకటి పడిపోయిందనుకొందాం. మెకానిక్ తీగను చూడకుండా కొత్త డిస్కు పెట్టి పునర్నిర్మాణం ప్రారంభిస్తాడు. మిగిలిన మూడింటినీ మొదటి నుండి చివరి దాకా గంటల తరబడి చదవవలసి వస్తుంది. అదే లోపభూయిష్టమైన వెనుక పలకపై ఆ శ్రమకు మరొకటి కూడా పడిపోతే ఖాతాలన్నీ ఒక్కసారిగా మూతపడతాయి. ఆ సమయంలో కంట్రోలరు ‘ఫారిన్’ డిస్కులు ఉన్నవని చెప్పి, వాటి అమరికను ‘ఇంపోర్ట్’ చేయాలా ‘క్లియర్’ చేయాలా అని అడుగుతుంది. ఏది ముందు పడినదో, ఏది తరువాత పడినదో తెలియకుండా దేనినీ నొక్కరాదు. ముందుగా పడిన దానిలో పాత లెక్కలుంటాయి. దానిని బలవంతంగా లేపితే పాత జమలూ కొత్త జమలూ కలగలిసి ఏ లెక్కా నమ్మదగినది కాకుండా పోతుంది. పడిన వేళలు కంట్రోలరు నమోదు పుస్తకంలో, అనగా లాగులో, ఉంటాయి. దానిని చదవడానికి పది నిమిషాలు చాలు. రెయిడ్ ఉన్నది కదా, వేరే నకలు ఎందుకు అనే వాదం ఎంత బలహీనమైనదో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

పెద్ద డీలర్లు కొందరు డిస్కులను వేరే పెట్టెలో ఉంచి నెట్‌వర్క్ తీగతో సర్వరుకు కలుపుతున్నారు. అక్కడ కనెక్షను లోపాలు మరికొంత మాయగా ఉంటాయి. రౌటరు పెట్టెకు కొత్త అడ్రసు ఇచ్చినా సర్వరు పాత అడ్రసులోనే వెదకుతూ ఉండవచ్చు. ఐస్కజీ పద్ధతి అయితే పింగ్‌కు పెట్టె జవాబిస్తున్నా 3260 అనే ద్వారం మూసి ఉండవచ్చు. ఒకవైపు 9000 పరిమాణపు పెద్ద ప్యాకెట్లకు ఏర్పాటు చేసి రెండవవైపు మరచిపోతే చిన్న సందేశాలు పోతాయి, అసలు ఖాతా తెరచినప్పుడు అంతా నిలిచిపోతుంది. ఇవేవీ డిస్కు మారిస్తే నయమయ్యేవి కావు.

మెకానిక్కుల పక్షాన ఒక న్యాయమైన మాట ఉన్నది. ఒకే రోజున అయిదారు ఊళ్ళు తిరగవలసినవానికి ఒక్కొక్క తీగను పరీక్షించే తీరిక ఉండదు, డిస్కు మార్చితే పని కనబడుతుంది, పైగా డిస్కులు నిజంగానే పాడవుతాయి కూడా. 5వ వరుస దినదినం పెరుగుతున్న డిస్కును తీగ పేరు చెప్పి ఉంచుకొనడం అవివేకమే. అయితే తీరిక లేకపోవడం మన వార్షిక నిర్వహణ ఒప్పందాల లోపమేగాని మనిషి లోపం కాదు. ఎన్ని గంటలలో వస్తారన్నది వ్రాయించుకొంటున్నాం. వచ్చి ఏమి చూశారన్నది వ్రాయించుకొనడం లేదు.

కనుక డీలరు సోదరులూ సంఘ కార్యదర్శులూ ఈ ఏడాది ఒప్పందం తిరగవ్రాసేటప్పుడు ఒక షరతు చేర్చవలెనని మనవి. ఏ డిస్కునైనా మార్చే ముందు దాని వరుస స్థానం, సీరియల్ నంబరు, పడిపోయిన వేళ, పట్టికలోని అంకెలు, తీగ మార్చి చూసిన ఫలితం కాగితంపై వ్రాసి సంతకం చేయాలి. తీసిన డిస్కును కనీసం ఒక నెలపాటు యజమాని వద్దనే ఉంచాలి. ఆ కాగితం లేని బిల్లును చెల్లించకపోయినా తప్పులేదు. సర్వరు ఆగిన గంటలలో వచ్చిన రైతును వట్టిచేతులతో పంపరాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కొనుగోలుదారుకు రశీదు ఇవ్వడం, రికార్డులు నిర్వహించడం డీలరు బాధ్యత. దానికి కార్బను కాగితంతో రశీదు పుస్తకం ఒకటి ఎల్లప్పుడూ సొరుగులో ఉండాలి. రుణం జమ విషయంలో రైతు సోదరులు సొమ్ము ఇచ్చిన తేదీ, వేళ వేసిన రశీదు అడిగి తీసుకొని, సర్వరు తిరిగి పనిచేసిన తరువాత పాసుపుస్తకంలో అదే తేదీ పడినదో లేదో సరిచూసుకోవాలి. మరుసటి తేదీ పడి ఉంటే ఆ రశీదు చూపి అక్కడే, అప్పుడే సవరణ కోరవలెను.