చెఱువు చుట్టము – గూడబాతు

మన ప్రాచీన కవులు హంసను, చక్రవాకమును వర్ణించినంతగా గూడబాతును వర్ణింపలేదు. పొట్టికాళ్ళు, బరువైన మేను, అడుగు పొడవున ముక్కు, దానిక్రింద వ్రేలాడు తోలుసంచి గల ఇట్టి రూపము కావ్యమున కెక్కకపోవుట వింత కాదు. కాని పల్లెప్రజలు దీనికి తగిన పేరే పెట్టిరి. పల్లపు నీటిని పొలమునకు తోడు బుట్టను ‘గూడ’ యందురు. ఈ పక్షియు తన సంచిని గూడవలె ముంచి, నీటిని, చేపలను ఒక్కసారిగ ఎత్తి, నీటిని జాఱవిడిచి, చేపలను మ్రింగును.

బూడిదవన్నె కలిసిన తెల్లని ఈకలు, పైముక్కు అంచున వరుసగా నీలపు చుక్కలు, మెడవెనుక చిన్న కుచ్చు దీని గుఱుతులు. నేలపై దీని నడక తడబడును. మింట మాత్రము ఱెక్కలు చాచి, వేడిగాలి నానుకొని చాలసేపు తేలియాడును. దీనికి కోకిలకంఠము లేదు. పెద్దపక్షి ఇంచుమించు మౌనవ్రతమే పాటించును. గూటికడ మాత్రము బుసకొట్టును, ముక్కు టకటకలాడించును. ఆకలిగొన్న పిల్లలు అఱచునప్పుడు చెఱువెల్ల సంతవలె మ్రోగును.

ఆ సందడిని ప్రేమించు ఊళ్ళు మనకు కలవు. సూళ్ళూరుపేటకు చేరువనున్న నేలపట్టు చెఱువునకు ఏటేట అక్టోబరు మొదలు గూడబాతులు వచ్చి, నీట నిలిచిన కడపచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. ప్రభుత్వము 1976లో దానిని పక్షిరక్షణ కేంద్రముగా ప్రకటించినది. ఊరివారు ఈ పక్షులను తఱుమరు. రెట్ట కలిసిన చెఱువునీరు పైరునకు బలమని వారి అనుభవము. చెఱువు పక్షికి తావిచ్చును. పక్షి పొలమునకు సారమిచ్చును.

కొల్లేటికథ వేఱు. ఆ సీమలోని ఆరేడుకడ 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ గూడబాతుల పెద్ద నెలవును చూచెను. నాడచ్చట సుమారు 3,000 పక్షులుండెడివి. 1970వ దశకమున ఆ నెలవు అంతరించెను. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది; 2002లో రామ్‌సర్ ఒడంబడిక పట్టికలో చేరినది; 2006లో అక్రమపు చేపలచెఱువుల గట్లను తెగగొట్టిరి. కైకలూరు చేరువనున్న ఆటపాకలో అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలుపగా, గూడబాతులు వానిపై గూళ్ళు కట్టుకొన్నవి. ఇది సంతోషింపదగినదే. కాని చెట్టుండవలసిన చోట ఇనుము నిలుపవలసివచ్చుట మనకు గౌరవము కాదు.

చేపలు తినునని ఈ పక్షిని ద్వేషించువారును కలరు. చేపలచెఱువును నమ్ముకొని బ్రతుకు రైతు నష్టమును తేలికగ చూడరాదు. అతనికి తగిన పరిహారము కలుగవలెను. కాని సరస్సును ఆక్రమింపక విడిచినచో పక్షి ఆహారము పక్షికుండును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటకానిని శిక్షింపగలదు. పిల్లవాని చేతిలోని ఱాతిని దింపలేదు, గట్టుపై చెట్టును నాటలేదు. ఆ పని ఊరివారిది.

ఇది పల్లెల విషయమని పట్టణపు బాలబాలికలు తలపరాదు. హైదరాబాదులో మధురానగరము, అమీరుపేట, పంజాగుట్టలలో పెరుగు పిల్లలకు 1562 నాటి హుస్సేనుసాగరము దూరము కాదు. నగరపుటంచున ఉన్న అమీనుపురపు చెఱువు 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలముగా గుర్తింపబడినది. చెఱువునకు పోయినపుడు కేకలు వేయక, ఱాళ్ళు రువ్వక, చెత్త విడువక మరలివచ్చుట పిల్లలు చేయగల పని. చెఱువును పూడ్చకుండ కాచుట పెద్దలు చేయవలసిన పని. చుట్టము రావలెనన్న ముందు ఇల్లుండవలెను. చెఱువు నిలిచిననాడే గూడబాతు నిలుచును.