ట్యూబ్‌లెస్ టైరుకు తాడు చాలు, నిప్పు వద్దు

పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరిన బండి డొంకలో పంచరైతే ఆ పూట పాలు కేంద్రానికి చేరవు. ఇదివరకు ఊచల చక్రాలు, ట్యూబు టైర్లు. ఊళ్లో సైకిల్ షాపు వాడే విప్పి అతుకేసేవాడు. ఇప్పుడు చాలా మోటారుసైకిళ్లకు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లే వస్తున్నాయి. సర్కారు తుమ్మకేమో మనకు కొదవ లేదు. పొదిలి, కనిగిరి వైపు తిరిగే రైతుకు ఆ ముల్లు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ట్యూబ్‌లెస్ అనగానే కంగారు పడేవాళ్లున్నారు. అందులో మాయ ఏమీ లేదు. 1947లో అమెరికాలోని గుడ్రిచ్ కంపెనీ బయటపెట్టిన టైరు ఇది. లోపలి వైపు గాలి చొరని రబ్బరు పొర ఉంటుంది. టైరు అంచు రిమ్ముకు గట్టిగా ఒత్తుకుని ఉన్నంతసేపు గాలి నిలుస్తుంది. మనం గుర్తుంచుకోవాల్సింది ఈ అంచు సంగతే.

ముల్లు కనబడగానే పీకేయకండి. అది బిరడాలాగా పనిచేస్తుంది, గాలి మెల్లగానే పోతుంది. గాలి కొట్టుకుంటూ ఇంటికో షాపుకో చేరొచ్చు. గాలి పూర్తిగా పోయాక మాత్రం బండెక్కి తోలవద్దు, నడిపించుకు రండి. బరువు మీద తోలితే టైరు పక్కలు నలుగుతాయి, అంచు రిమ్ము నుంచి ఊడుతుంది. వంద రూపాయలతో పోయే పని టైరు మార్చేదాకా వస్తుంది.

పంచరు కిట్టు రెండు మూడు వందల్లో దొరుకుతుంది. గరుకు సూదితో రంధ్రాన్ని శుభ్రం చేసి, జిగురు వత్తిని కన్నం సూదికి ఎక్కించి, సొల్యూషన్ రాసి లోపలికి పొడవాలి. వత్తి కొసలు కాస్త బయట ఉండగానే సూదిని ఒక్క ఊపున లాగేయాలి. మిగిలింది కత్తిరించి సబ్బు నీళ్లు పోసి చూడండి, బుడగలు రాకపోతే సరే. కొందరు పాత ట్యూబు ముక్క కోసి దూరుస్తారు. అది రబ్బరుతో కలిసిపోదు, ఇల్లు చేరడానికే పనికొస్తుంది. టైరు పక్క గోడకు దెబ్బ తగిలినా, రంధ్రం పెన్సిలు దూరేంత ఉన్నా వత్తితో సరిపెట్టుకోవద్దు.

అసలు తిప్పలు అంచు ఊడినప్పుడు. ఎంత పంపు కొట్టినా గాలి చుట్టూరా పోతూనే ఉంటుంది. షాపులో కూడా ‘టైరు అయిపోయిందన్నా, మార్చాల్సిందే’ అంటారు. నమ్మకండి. ముందు రిమ్ము తుప్పు, మట్టి గీకి తుడవండి. టైరు నొక్కుకుపోయి ఉంటే ఓ గంట ఎండలో పెట్టండి, రబ్బరు మెత్తబడుతుంది. రెండు అంచులకూ సబ్బు నీళ్లు పట్టించండి. ఇక తాడు. గడ్డిమోపు కట్టే తాడునే టైరు నడుం చుట్టూ కట్టి, కర్ర దూర్చి మెలిపెట్టాలి. నడుం లోపలికి నొక్కుకుంటే అంచులు రెండు పక్కలా బయటికొచ్చి రిమ్మును పట్టుకుంటాయి. వాల్వు పిన్ను తీసేసి కొడితే గాలి జోరుగా పోతుంది. మోటారుసైకిలు టైరుకు కాలి పంపే చాలుతుంది. ఒకచోట ట్రాక్టరు వెనక టైరు నుంచి పైపు పెట్టి గాలి మళ్లించడం చూశాను. అందులో ఒత్తిడి తక్కువే గాని గాలి బోలెడు ఉంటుంది. తెలివైన పనే. నీళ్లు నింపిన టైరైతే కుదరదు.

గాలి పట్టుకోగానే తాడు వదులు చేయండి. ‘టప్’మని ఒక పక్క, మళ్లీ ‘టప్’మని రెండో పక్క కూర్చుంటుంది. వేళ్లు అంచు దగ్గర పెట్టొద్దు. నలభై పాయింట్లు దాటినా కూర్చోకపోతే ఇంకా కొట్టకండి. గాలి తీసి, సబ్బు రాసి మళ్లీ మొదలుపెట్టండి. మొండికేసి కొడితే అంచు తెగి మొహాన కొడుతుంది. కూర్చున్నాక పిన్ను బిగించి, బండి పుస్తకంలో రాసినంత గాలి పెట్టండి.

ఇంత రాయడానికి కారణం ఉంది. రోడ్డు పక్క ఒక షాపులో పాల వ్యాను టైరు అంచు ఎక్కక, కుర్రాడు లోపల పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీశాడు. ఢామ్మని టైరు కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు భలే అన్నారు. కుర్రాడి కనుబొమలు మాడిపోయాయి. నాకది పనితనం అనిపించలేదు. ఎంత పెట్రోలు పడిందో, ఎంత ఆవిరైందో ఎవడు లెక్కపెట్టాడు? కాస్త ఎక్కువైతే టైరు పగులుతుంది, రిమ్ము ఎగురుతుంది. లోపలి పొర కాలితే తర్వాత గాలి నిలవదు. పైగా వేడి గాలి చల్లారగానే ఒత్తిడి పడిపోతుంది, ఎలాగూ పంపు కొట్టాల్సిందే. తాడుతో పది నిమిషాల్లో అయ్యేదానికి కళ్లు పణం పెట్టడం దేనికి? మీ బండికి ఎవరైనా నిప్పు పెట్టబోతే చక్రం వెనక్కి తీసుకోండి. మొహమాటపడొద్దు.

ఇదంతా మోటారుసైకిళ్లు, చిన్న వ్యాన్ల మాటే. ట్రాక్టరు, ట్రాలీ టైర్ల జోలికి ఇంటి దగ్గర పోవద్దు. వాటి పని తెలిసినవాళ్లకే వదలండి.

పాల కేంద్రం దగ్గర ఒక కిట్టు, కాలి పంపు, గాలి కొలిచే మీటరు, రెండు బారల తాడు ఉంచితే ఊరందరికీ పనికొస్తాయి. పాలు పోసేవాళ్లు తలా పదో ఇరవయ్యో వేసుకుంటే సరిపోతుంది. ఈసారి పాల డబ్బులిచ్చే రోజున ఈ మాట కదపండి.