నాలుగు గంటల దూరము

హైదరాబాదునకును దుబాయికిని ఆకాశమార్గమున దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. విమానము దీనిని ఇంచుమించు నాలుగు గంటలలో దాటును. జెద్దా సుమారు 4,100 కిలోమీటర్లు. అచటికి ఆరు గంటల ప్రయాణము. కాలసూచికలు ఇంతటితో ఊరకుండును. పాతబస్తీలో, ముఖ్యముగా ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కస్ గల్లీలలో, ఈ లెక్క ఇంత సులభముగా తేలదు.

ఆకాశపు లెక్కయే కొంత వింత. ఉదయము పదింటికి ఇచట ఎక్కినవాడు నాలుగు గంటలు ఎగిరి దుబాయిలో దిగునప్పటికి అచటి గడియారము పండ్రెండున్నర చూపును. మరలివచ్చునపుడు పడమటి గాలులు వెనుకనుండి నెట్టుటచే, శీతకాలమున మరింతగా, ప్రయాణకాలము తగ్గును. అయినను మిగిల్చుకొన్న గంటన్నరను గడియారమునకు తిరిగి చెల్లింపక తప్పదు.

పాతబస్తీకి అరబ్బుదేశము పరాయిది కాదు. బార్కస్ అను పేరే సైనికుల బ్యారక్సుల నుండి వచ్చినది. నిజాము సైన్యములో కొలువుచేసిన హద్రమౌతు అరబ్బుల సంతతివారు నేటికిని అచట నివసించుచున్నారు. ఆ పూర్వులు ఓడలపై వచ్చినవారు. హజ్ యాత్రికులును బొంబాయిలో ఓడ యెక్కి పది పదిహేను దినములకు జెద్దా చేరెడివారు; ఆ ఓడలు 1995లో నిలిచిపోయినవి. 1970 తరువాత చమురుదేశములు పనివారిని పిలువగా ఈ గల్లీల యువకులు, కాలక్రమమున స్త్రీలును, విమానమెక్కిరి. 2008లో విమానాశ్రయము బేగంపేటనుండి శంషాబాదునకు తరలినది. సికింద్రాబాదువారికి అది దూరమైనది గాని, నగరమునకు దక్షిణపు కొసనున్న ఈ పేటలకు విమానము ముంగిటికే వచ్చినది.

అయినను తెల్లవారుజామున తండ్రి పోయిన యింట దుబాయిలోని కొడుకు అందుకొనగలడా? ఖననమును ఆలస్యము చేయుట ఆచారము కాదు. మధ్యాహ్నపు నమాజు వేళకు వీలుపడనిచో సాయంకాలపు అసర్ నమాజు వరకు ఆగుదురేమో. ఆ క్షణముననే బయలుదేరినచో, నాలుగు గంటల దూరమే గనుక, కడసారి చూపు దక్కవచ్చును. కాని పాస్‌పోర్టు యజమాని బీరువాలో నుండును. దానిని దాచుట అచటి నిబంధనలకే విరుద్ధము. అయినను దాచువారు దాచుచునే యున్నారు. యజమాని నిద్రలేవవలెను, సెలవీయవలెను, ఆనాటి టిక్కెట్టుకు సొమ్ము పుట్టవలెను. ఎమిరేట్సు 2021లో చేసిన కార్మికశాసనము తల్లియో తండ్రియో మరణించినచో మూడు దినముల సెలవిచ్చినది. మంచిదే, ఆ మూడింట ఒకటి రాకపోకలకే చెల్లును. సౌదీ ప్రభుత్వము 2021 మార్చి నుండి యజమాని అనుమతి లేకయే దేశము విడుచు వీలును ప్రైవేటు రంగ కార్మికులకు కల్పించినది గాని, ఇండ్లలో వంటచేసి పిల్లలను సాకు స్త్రీలను అందు చేర్చలేదు. పాతబస్తీ స్త్రీలు తరచు పోవునది ఆ పనికే.

1983 నాటి వలస చట్టము క్రింద, పదవ తరగతి దాటనివారు గల్ఫు దేశములకు పనికి పోవుటకు ముందు సాధారణముగా ప్రభుత్వానుమతి పొందవలెను. ఒప్పందపత్రము అధికారుల కంటబడునది ఆ దశలోనే. ఇంట మరణము సంభవించిననాడు పాస్‌పోర్టు అప్పగించి, రానుపోను టిక్కెట్టు ఇచ్చునట్లు ఆ పత్రమున షరతు వ్రాయించుటకు ప్రభుత్వమునకు కానీ ఖర్చు లేదు. మరణవార్తలు కార్యాలయవేళలు చూచి రావు గనుక, రియాదులోను అబుధాబిలోను ఉన్న భారత రాయబార కార్యాలయములు, యజమానితో మాటాడి ఆ షరతును నెరవేర్పింపగల అధికారిని రాత్రివేళకు కూడ నియమింపవలెను.