బీమార్ మచ్లీని జాలితో కొనకండి

పోయిన రంజాన్‌కి వచ్చిన ఈదీ డబ్బులు పట్టుకొని మా చిన్న బేటీ ఒకటే జిద్. ఇంట్లో ఉన్న నాలుగు గోల్డ్‌ఫిష్‌లకు తోడు ఇంకొకటి కావాలంట. దుకాణంలో ఓ మూల ఒక మచ్లీ రెక్కలు ముడుచుకొని కదలకుండా ఉంది. "అబ్బా, దాని తబియత్ బాలేదు. మనం తీసుకెళ్లి బాగుచేద్దాం" అంది. ఆ మాటకు నా దిల్ కరిగిపోయింది. తెచ్చాం. దాని ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు మూడో రోజుకు గానీ నా కంటపడలేదు. రెండు వారాల్లో దానితో పాటు పాత నాలుగూ పోయాయి.

అందుకే, బేరహం మాటగా వినిపించినా చెప్తున్నా: జాలిపడి బీమార్ మచ్లీని కొనకండి. ఆ జాగాలో దుకాణ్‌దార్ ఇంకొకటి తెచ్చి వేస్తాడు. అతనికి అది అమ్ముడుపోయిన సరుకే. ఇంట్లో ఉన్న బేజుబాన్‌ల జిమ్మేదారీ మాత్రం మనదే.

నచ్చిన మచ్లీని కాదు, దాని పడోసీలను చూడండి. ఆ నీళ్లలో ఒక్కటి చచ్చి తేలినా, ఒక్కటి రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నా, పైకొచ్చి నోరు తెరిచి ఆయాసపడుతున్నా ఆ ట్యాంక్‌లోంచి ఏదీ వద్దు. (ఫైటర్ పైకొచ్చి గాలి పీల్చడం మాత్రం దాని ఆదత్, భయపడక్కర్లేదు.) కాస్త దానా వేయమనండి. తందురుస్త్‌గా ఉన్నది ఉరికొస్తుంది. మన దుకాణాలకు చాలా సరుకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో పాలిథిన్ సంచుల్లో సఫర్ చేసి వస్తుంది. నిన్న దిగినదాన్ని ఇవాళే కొనకుండా, వారం సబర్ చేయండి. తెచ్చాక కూడా రెండు మూడు వారాలు వేరే ట్యాంక్‌లో ఉంచాకే పాతవాటితో కలపండి.

కొత్తగా షౌక్ మొదలుపెట్టేవాళ్లు ట్యాంకూ మచ్లీలూ ఒకేరోజు కొంటారు. మచ్లీల గలీజ్‌లోంచి పుట్టే అమ్మోనియా జహర్. దాన్ని విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇంకోటి, గులాబీ, ఆకుపచ్చ చారల గ్లాస్‌ఫిష్‌లు. అసలు వాటి ఒళ్లు గాజులా ఉంటుంది, ఆ రంగు సూదితో ఎక్కించింది. కొన్నాళ్లకు వెలిసిపోతుంది. ఇది సాఫ్ జుల్మ్. పిల్లలు ఎంత ఏడ్చినా నేనైతే పైసా ఇవ్వను.

మొన్న బేటీ మళ్లీ దుకాణానికి తీసుకెళ్లమంది. అరగంట ట్యాంకులన్నీ చూసి, "చలో అబ్బా, వచ్చే వారం వద్దాం" అంది. ఈదీ డబ్బులు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.