సంతకం పెట్టేముందు అడగండి

ప్రశ్న: మావారికి 52 ఏళ్ళు. పదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకుంటున్నారు. అక్కడ కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందనీ, ఇష్టమైతే చేరవచ్చుననీ చెప్పి డాక్టరుగారు కాగితాలు ఇచ్చారు. ‘కుందేళ్ళ మీద చేసే ప్రయోగం నా కొడుకు మీదా?’ అని మా అత్తగారు ఒకటే ఏడుపు. కాదంటే డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని మావారి భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ అత్తగారి భయం సహజమే. కాని కొందరు రోగులు ముందుకు రాకపోతే వైద్యం ముందుకు సాగదు. 1956లో మద్రాసులో మొదలైన ఒక పరిశోధనలో 193 మంది క్షయరోగులు చేరారు. దాదాపు సగం మందికి శానిటోరియంలో, మిగిలినవారికి ఇంటివద్దనే అవే మందులిచ్చారు. ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా నయమైంది. ఇంటివద్ద ఉన్నవారి కుటుంబాలకు వ్యాధి ఎక్కువగా అంటుకోలేదు కూడా. క్షయకు ఇంటిపట్టున ఉండి మందులు వాడే పద్ధతికి అది దారి చూపింది.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. ఇది మీవారి కోసమే ఎంచి ఇచ్చే చికిత్స కాదు. చాలా పరిశోధనల్లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. ఏది ఇస్తున్నదీ ఒక్కొక్కసారి డాక్టరుకే తెలియదు. మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు.

ఆ కాగితాలు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇంటికి తెచ్చుకుని చదవండి. ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళాలి? రక్తం ఎన్నిసార్లు తీస్తారు? ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలు మానాలా? దారిఖర్చులు ఇస్తారా? అర్ధరాత్రి కళ్ళు తిరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? అన్నీ అడగండి. వాడుతున్న ఆయుర్వేదం మందులతో సహా ఏదీ దాచకండి. డాక్టరు చెప్పకుండా పాత మాత్రలు మానకండి.

2019 నాటి నిబంధనల ప్రకారం కొత్త మందు పరిశోధన వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. సంతకం పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు.

ఇక కోపం సంగతి. చేరనన్నా, మధ్యలో మానుకున్నా మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. మంచి డాక్టరు ప్రశ్నలకు విసుక్కోడు. విసుక్కుంటే మాత్రం సంతకం పెట్టకండి.