రేటు సెల్‌లో వస్తోంది.. పిల్లల లెక్క రావట్లేదు!

సిరుగుప్పలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా కోళ్ల రైతు పొద్దున్నే లేచి ముందు చూసేది ఫారం రేటు. ఒకప్పుడు పక్క ఊరి వ్యాపారికి ఫోన్ చేస్తే తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు పళ్లు తోముకునే లోపే సెల్‌లోకి వచ్చి పడుతోంది. నాలుగు రూపాయలు పెరిగితే ఆ రోజంతా హుషారు. తగ్గితే ఇక చెప్పక్కర్లేదు.

అయితే ఈ రోజు రేటు ఈ రోజు పుట్టింది కాదు. రెండు నెలల కిందట హేచరీల్లోని సెట్టర్లలో ఎన్ని గుడ్లు పెట్టారన్న దగ్గరే సగం ఖాయమైపోయింది. గుడ్డు పొదగడానికి 21 రోజులు. పిల్ల షెడ్డుకొచ్చి రెండు కిలోలకు అటూ ఇటూగా పెరగడానికి 35 నుంచి 42 రోజులు. అంటే, ఈ వారం ఎన్ని పిల్లలు షెడ్లలో పడ్డాయో తెలిసినవాడికి ఆరు వారాల తర్వాతి మార్కెట్ ఇప్పుడే కనిపిస్తుంది. తెలియనివాడికి కోళ్లు ఎత్తే రోజునే తెలుస్తుంది. సొంత డబ్బుతో పిల్లలు కొని, దాణా అప్పు తెచ్చి పెంచే సరిహద్దు రైతుది ఈ రెండో పరిస్థితి.

అక్కడ ప్రతి బుధవారం

అమెరికా వ్యవసాయ శాఖ గణాంక విభాగం ప్రతి బుధవారం ఓ చిన్న నివేదిక ఇస్తుంది. అంతకుముందు వారం హేచరీల్లో ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని బ్రాయిలర్ పిల్లలు షెడ్లలో దించారు అన్నదే అందులో సంగతి. కోళ్ల పెంపకం ఎక్కువగా ఉన్న 19 రాష్ట్రాల లెక్కలు విడివిడిగా ఉంటాయి. ఇటీవలి సంవత్సరాల్లో వారానికి సుమారు 24 కోట్ల గుడ్లు పెడుతుంటే, 19 కోట్ల దాకా పిల్లలు షెడ్లకు చేరుతున్నాయి. రైతు, దాణా వ్యాపారి, బ్యాంకు, హోటలు యజమాని ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు.

మనకూ లెక్కలు లేకపోలేదు. అయిదేళ్లకోసారి జరిగే పశుగణన ఉంది. 2019 లెక్కలో దేశం మొత్తం మీద 85.18 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు తేలాయి. 12 కోట్ల పైచిలుకుతో తమిళనాడు మొదటి స్థానం, 10.8 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. కర్ణాటకకు దాదాపు ఆరు కోట్లు. బాగానే ఉంది. కానీ బ్రాయిలర్ కోడి ఆయుష్షే నలభై రోజులు. ఆ లెక్కలోకెక్కిన కోడి పుస్తకం అచ్చయ్యేలోపే కూరైపోయింది. ఇక ఏటా వచ్చే పశుసంవర్థక గణాంకాల ప్రకారం 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తయ్యాయి. మంత్రుల ప్రసంగాలకు పనికొచ్చే అంకె. వచ్చే సోమవారం అయిదు వేల పిల్లలు దించాలా, ఓ పది రోజులు ఆగాలా అని తల పట్టుకు కూర్చున్న రైతుకు దానితో పనిలేదు.

వారం వారం పిల్లల లెక్క చెప్పే సర్కారీ నివేదిక మన దేశంలో లేదు. అలాగని ఆ లెక్క ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటే. హేచరీల వాళ్లకు తెలుసు. తల్లికోళ్లు, హేచరీ, దాణా మిల్లు, మార్కెటింగ్ అన్నీ ఒకే గొడుగు కింద ఉన్న పెద్ద కంపెనీలకు తమ లెక్క పూర్తిగా, ఎదుటివాళ్లది ఉజ్జాయింపుగా తెలుసు. తల్లికోడి పిల్లను షెడ్డులో వేసిన 24, 25 వారాలకు గుడ్డు మొదలవుతుంది. అంటే ఎనిమిది నెలల తర్వాతి మార్కెట్‌కు కూడా వాళ్ల దగ్గర ఓ అంచనా ఉంటుంది. పిల్ల ధర మరీ పడిపోతే సెట్టర్‌లో పెట్టాల్సిన గుడ్లను కూర గుడ్లుగా అమ్మేసి నష్టం తగ్గించుకునే వీలూ వాళ్లకుంది. రైతుకు ఆ వీలు లేదు. పిల్ల షెడ్డులో పడ్డాక రోజూ దాణా పెట్టాల్సిందే.

అందుకే ప్రతిసారీ అదే తంతు. కోడి రేటు బాగుందనగానే అందరూ పిల్లల కోసం ఎగబడతారు. పిల్ల రేటు రెట్టింపవుతుంది. ఆరు వారాలకు అందరి కోళ్లూ ఒకేసారి మార్కెట్‌కు వస్తాయి, రేటు కూలుతుంది. అప్పుడు పిల్లల్ని అడిగే దిక్కుండదు. షెడ్లు ఖాళీ అవుతాయి. మళ్లీ కొరత, మళ్లీ రేటు. ఎక్కువ ధరకు పిల్లను కొని తక్కువ ధరకు కోడిని అమ్మేది ఎప్పుడూ చిన్న రైతే.

పండగలే పంచాంగం

లెక్క చేతిలో లేని రైతులు పండగలను చూసి పిల్లలు వేస్తున్నారు. కార్తీకమంతా నీసు ముట్టని ఒడిశాలో, పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు కోడి దుకాణాల ముందు బారులు తీరతారు. దానికి కోడి సిద్ధం కావాలంటే దసరా నవరాత్రుల్లో పిల్ల షెడ్డులో ఉండాలి. ఆ పిల్ల రావాలంటే మహాలయ పక్షం మొదలయ్యే నాటికే గుడ్డు సెట్టర్‌లోకి పోవాలి. కోలారు, బెంగళూరు వైపు ఉగాది మర్నాటి హొసతొడకుదీ అదే లెక్క. శివరాత్రికి వారం ముందు పిల్ల దిగాలి. తమిళనాడులో పెరటాసి నెల పొడవునా అమ్మకాలు చల్లబడతాయి కాబట్టి ఆ నెలలో చేతికొచ్చే బ్యాచ్ వేయడానికి వెనకాడతారు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే ఈ పంచాంగం అందరి ఇళ్లలోనూ ఉంది. హొసతొడకు కోసం ఎంతమంది ఎన్ని పిల్లలు వేశారన్నది మాత్రం ఏ పంచాంగంలోనూ ఉండదు.

అనుకోని దెబ్బ తగిలినప్పుడు ఈ చీకటి మరీ ముదురుతుంది. 2020 ఫిబ్రవరి, మార్చిలలో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుతో ధరలు పాతాళానికి పడ్డాయి. మేపలేక బెళగావి జిల్లా గోకాక్ తాలూకాలో, కోలారు జిల్లాలో రైతులు వేల కోళ్లను బతికుండగానే గోతుల్లో పూడ్చారు. పుకారు పుట్టిన నాటికే సెట్టర్‌లో ఉన్న గుడ్డు 21వ రోజున పిల్లయ్యే తీరుతుంది, దానికి పుకార్లతో పనిలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ తర్వాత బళ్లారి, రాయచూరు, చిక్కబళ్లాపురం జిల్లాల్లోనూ తేలింది. ఇలాంటప్పుడు భయంతో పిల్లలు వేయకపోతే ఆ కొరత ఆరు వారాల తర్వాతే బయటికొస్తుంది. అప్పటికి ఎవరి షెడ్డులో కోళ్లున్నాయో వాళ్లదే రాజ్యం.

కాంట్రాక్టు రైతుకేం బాధ?

పల్లడం, ఉడుమలైపేట వైపు 1990ల్లో వేళ్లూనుకున్న కాంట్రాక్టు పద్ధతి ఇప్పుడు సరిహద్దు జిల్లాలన్నింటా ఉంది. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరి రైతువి. కిలోకింత అని పెంపకం కూలి. రేటుతో సంబంధం లేదు కదా, ఇంకేం బాధ అంటారు. బాధ రెండు బ్యాచ్‌ల నడుమ ఉంది. రేటు పడిందంటే కంపెనీ కొత్త పిల్లలను ఆలస్యంగా దించుతుంది. ఏడాదికి ఆరు బ్యాచ్‌లనుకున్న షెడ్డులో నాలుగో, అయిదో పడతాయి. బ్యాంకు కిస్తీకి మాత్రం ఖాళీలుండవు. కాబట్టి పిల్లల లెక్క అతనికీ కావాల్సిందే.

లెక్క కొందరి మధ్యనే తిరిగితే ఏమవుతుందో కూడా అమెరికాయే చూపించింది. కోడిమాంసం కంపెనీలు కూడబలుక్కుని తల్లికోళ్లను తగ్గించి ధరలు పెంచాయంటూ 2016 నుంచి అక్కడ కేసులు నడిచాయి. ధరల కుమ్మక్కు కేసులో ప్రభుత్వం ముందు పిల్‌గ్రిమ్స్ ప్రైడ్ 2021లో నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లకు పైగా జరిమానా కట్టింది. కంపెనీల లోగుట్టు లెక్కలను సేకరించి కంపెనీలకే పంచుతోందంటూ అగ్రి స్టాట్స్ అనే సంస్థపై అక్కడి న్యాయశాఖ 2023లో దావా వేసింది. కాబట్టి ఈ పనిని కంపెనీల సంఘాలకే వదిలేస్తే ప్రయోజనం లేదు. ఏ హేచరీ ఎంత అన్నది బయటపెట్టకుండా, జిల్లా మొత్తం ఎంత అన్నది అందరికీ ఒకే రోజు చెప్పాలి.

గుడ్డు ధరను వ్యాపారి కాకుండా రైతే చెప్పాలంటూ 1982లో బి.వి.రావు నాయకత్వంలో ఎన్‌ఈసీసీ పుట్టింది. హైదరాబాదులో 1971లో హేచరీ మొదలుపెట్టిన తెలుగువాడాయన. రేటు చెప్పే పని అలా దారిన పడింది. సంఖ్య చెప్పే పని ఇంకా మొదలే కాలేదు.

ఇందులో సరిహద్దు రైతుకు ఇంకో తిప్పలుంది. హోసూరు వైపు పొదిగిన పిల్ల చిత్తూరు షెడ్డులో పెరిగి బెంగళూరులో అమ్ముడవుతుంది. ఆంధ్రా పిల్ల బళ్లారికి, గంజాంకు వెళుతుంది. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏ లారీ ఎటు పోతోందో చెక్‌పోస్టుల్లో ఆపి మరీ రాసుకుంటారు. మామూలు రోజుల్లో ఆ లెక్క ఎవరికీ పట్టదు. ఒక్క రాష్ట్రం లెక్క కట్టినా సగం కథే తెలుస్తుంది. హేచరీలేమీ గల్లీకొకటి లేవు, జిల్లాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ వారం ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని పిల్లలు ఏ రాష్ట్రానికి పంపారు అన్న రెండు ముక్కలు ప్రతి శనివారం పశుసంవర్థక శాఖకు రాసిమ్మంటే, నాలుగు రాష్ట్రాలవీ కలిపి మంగళవారానికల్లా సెల్‌లో పెట్టొచ్చు. రేటు ఎలాగూ అందులోనే వస్తోంది.