జెడ్పీ బడులకు జవాబుదారీ ఎవరు?

కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలు 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. అక్కడి ప్రభుత్వ బడులను తనిఖీ చేసే జిల్లా విద్యాశాఖాధికారి ఏలూరులో ఉంటారు. ఆ హైస్కూళ్ల బోర్డు మీద పేరున్న జిల్లా పరిషత్ మాత్రం మచిలీపట్నంలో ఉంది. తాడేపల్లిగూడెం పరిస్థితి మరోలా ఉంది. అక్కడివారికి కలెక్టరు, డీఈవో భీమవరంలో, జిల్లా పరిషత్ ఏలూరులో. జిల్లాలను 13 నుంచి 26 చేసిన ప్రభుత్వం జిల్లా పరిషత్‌లను విడదీయలేదు. 2021 సెప్టెంబరులో కొలువుదీరిన పాలకవర్గాలే గడువు తీరేదాకా పాత హద్దులతో సాగాలని నిర్ణయించింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులను కూడా ఉమ్మడి జిల్లాల లెక్కనే భర్తీకి పెట్టారు. ఇంత గజిబిజి ఉన్నా దీనివల్ల ఎక్కడా బడి మూతపడలేదు. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. జిల్లా పరిషత్ ఏ ఊళ్లో ఉన్నా, ఏ జిల్లాలో ఉన్నా బడి ఒకేలా నడుస్తోందంటే, బడి నడపడంలో జిల్లా పరిషత్‌కు చెప్పుకోదగ్గ పాత్ర లేదనే అర్థం.

మొదటి నుంచీ ఇలా లేదు. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్‌లు మొదలైనప్పుడు ప్రాథమిక బడులు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్‌ల కిందికి వెళ్లాయి. 1986 నాటి చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాక ఊరి బడి మండల పరిషత్ బడి అయింది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగ్గ 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. ప్రాథమిక, మాధ్యమిక విద్య అందులో ఉంది. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం జిల్లా పరిషత్‌కు ఏడు స్థాయీ సంఘాలను ఇచ్చింది. వాటిలో ఒకటి విద్య, వైద్యానిది. చట్టంలో ఇంత చోటున్నా చేతిలో మిగిలింది కొంచెమే. నియామకం డీఎస్సీది, బదిలీ పాఠశాల విద్యాశాఖది, జీతం ట్రెజరీ నుంచి 010 పద్దు కింద వస్తుంది, గదులు, గ్రాంట్లు సమగ్ర శిక్ష పథకానివి. జెడ్పీ టీచరుకు జెడ్పీ కార్యాలయంతో తరచుగా పడే పని పీఎఫ్ ఖాతా, దాని మీద తీసుకునే అప్పు. స్థాయీ సంఘం సమావేశానికి డీఈవో వస్తారు, నివేదిక చదువుతారు, సభ్యులు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు రాకపోతే సభ్యులు చేయగలిగింది ఏమీ లేదు. పట్టణాల్లోనూ ఇదే దారి. ఏలూరు నగరపాలక సంస్థ, తాడేపల్లిగూడెం పురపాలక సంఘం బడుల పర్యవేక్షణ కూడా 2022లో పాఠశాల విద్యాశాఖకే వెళ్లింది.

డబ్బు విషయానికి వస్తే, రాష్ట్రం చదువు మీద ఖర్చు పెట్టడం లేదని ఎవరూ అనలేరు. తల్లికి వందనం కింద 2025లో ఒక్కో విద్యార్థికి 15 వేలు లెక్కగట్టి, 13 వేలు తల్లి ఖాతాలో వేసి, 2 వేలు బడుల నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు పక్కన పెట్టారు. అదే సమయంలో 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష ఇచ్చే స్కూలు గ్రాంటు ఏడాదికి 50 వేలు. 200 మంది ఉన్న బడిలో అది తలకు 250 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, తాగునీరు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. తల్లులకు ఇవ్వడం తప్పని నా వాదన కాదు. పేద ఇంట్లో ఆ సొమ్ము అవసరం నిజం. కానీ ఆ పక్కన పెట్టిన 2 వేల లెక్కనే 200 మంది పిల్లల పేరున 4 లక్షలు పోగవుతుంటే, అందులో తమ బడికి ఎంత రావాలో, దేనికి ఖర్చు కావాలో తేల్చే అధికారం ఆ ఊరి కమిటీకీ లేదు, ఆ జిల్లా పరిషత్‌కూ లేదు. కురుస్తున్న పైకప్పుకు రేకు వేయించాలన్నా అమరావతి నుంచి ఉత్తర్వు రావాలి.

అన్నీ ఒక్కచోటే నిర్ణయమైతే జరిగే నష్టం ఏమిటో గత కొన్నేళ్లలో చూశాం. 2022లో 117 జీవో వచ్చి 3, 4, 5 తరగతుల పిల్లలను హైస్కూళ్లకు కలిపింది. 2025లో ఆ జీవో పోయి తొమ్మిది రకాల బడుల పద్ధతి వచ్చింది. వెయ్యి ప్రభుత్వ బడులు సీబీఎస్‌ఈలోకి వెళ్లి, ప్రభుత్వం మారాక తిరిగి రాష్ట్ర బోర్డుకు వచ్చాయి. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,715 బడులు 3,669 కోట్లతో బాగుపడ్డాయి. రెండో విడత పనులు చాలాచోట్ల సగంలో నిలిచాయి. ఈ నిర్ణయాల్లో కొన్ని మంచివి, కొన్ని కావు. అయితే ఏ ఒక్కటి తీసుకునే ముందూ మా జిల్లాలో ఇది కుదురుతుందా అని అధికారంతో అడగగల వేదిక లేదు. ఐదేళ్లకోసారి సీసాలో నీళ్లు మార్చినట్టు బడిని మారుస్తుంటే, ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతికి వచ్చేలోపు రెండు మూడు పద్ధతులు దాటాలి.

ఈ లోటు అందరికంటే ఎక్కువగా తగిలేది కొల్లేరు పిల్లలకు. సరస్సు నడుమ 46 లంక గ్రామాలు, అంచున మరో 76 గ్రామాలు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించాక, ఆ హద్దు లోపల రోడ్డుకైనా వంతెనకైనా అటవీశాఖ అనుమతి కావాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఒకేసారి పొంగి, ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి లాగలేకపోతే నీరు రోజుల తరబడి నిలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచిన తర్వాత ఆ నీరంతా కొల్లేటికే చేరింది. ఏలూరు - కైకలూరు రోడ్డు మునిగింది, లంకలకు పడవే దిక్కయింది. ఇంకో పక్క చేపల చెరువుల కాపలాకు కుదిరిన కుటుంబాలు గట్ల మీదే పాక వేసుకుని ఉంటాయి. యజమాని మారితే, చెరువు మారితే పిల్లల బడీ మారుతుంది. ఇలాంటి చోట జూన్ 12న తెరిచి, దసరాకూ సంక్రాంతికీ సెలవిచ్చి, ఏప్రిల్‌లో మూసే రాష్ట్రవ్యాప్త క్యాలెండరు పనికిరాదు. లంకల్లో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పోయే రోజులు లెక్కలో వేసుకుని, ఎండాకాలం ఉదయం పూట బడి నడిపే క్యాలెండరు కావాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షను చదివితే చాలు. తన పరిధిలోని 14 ఏళ్లలోపు పిల్లల జాబితా ఉంచడం, వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించడం, బడుల పనితీరు చూడడం, ఆఖరికి విద్యా క్యాలెండరు నిర్ణయించడం స్థానిక సంస్థ విధి అని అందులో ఉంది. స్థానిక సంస్థ అంటే పంచాయతీ, జిల్లా పరిషత్, పురపాలక సంఘం అని అదే చట్టం నిర్వచించింది. పార్లమెంటు ఈ పనిని జిల్లా పరిషత్ మీద పెట్టింది. మన దగ్గర క్యాలెండరు మాత్రం రాజధాని నుంచి అచ్చయి వస్తుంది. కొల్లేరు పిల్లల హాజరు గురించి ఏటా బాధపడేవాళ్లు ఈ సెక్షనును ఒక్కసారైనా అమలు చేసి చూడాలి.

చదువు ఎలా ఉందన్న ప్రశ్నకు ఒకే అంకె సరిపోదు. 2025 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 81.14 శాతం. పార్వతీపురం మన్యం 93.90 శాతంతో వరుసగా మూడో ఏడూ మొదటి స్థానంలో నిలిచింది. అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో అట్టడుగున ఉంది. రెండూ 2022లో పుట్టిన జిల్లాలే, రెండూ గిరిజన ప్రాంతాలే, పాఠ్యపుస్తకమూ ప్రశ్నపత్రమూ ఒకటే. కాబట్టి పేదరికమే కారణమని సరిపెట్టుకోలేం. జిల్లాలో ఏం జరుగుతోందన్నదానికి బరువుంది. ఉత్తీర్ణత శాతమే చదువు కాదన్న మాటా నిజమే. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశ గ్రామీణ ప్రాంతాల్లో 23.4 శాతమే అని, పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక చెప్పింది. ఈ చిన్న తరగతుల లోటు పదో తరగతి ర్యాంకుల్లో కనబడదు. నా ఊరి బడిలో మూడో తరగతి పిల్ల తెలుగు చదవగలదా అని అడగాల్సింది ఊరివాళ్లు. ఇప్పుడు హాజరు, భోజనం వివరాలు యాప్‌లో పైకి వెళతాయి. ఊరివాళ్లకు ఆ లెక్క తిరిగి రాదు. కలెక్టరు శ్రద్ధగలవారైతే జిల్లా బాగుపడుతుంది, ఆయన బదిలీ అయితే మళ్లీ మొదటికి వస్తుంది.

జెడ్పీకి అధికారమిస్తే బడిలోకి రాజకీయం వస్తుందన్నది గట్టి అభ్యంతరం. దానికి చరిత్ర ఆధారం ఉంది. సమితుల కాలంలో మాట వినని టీచరును మూల గ్రామానికి విసిరేసిన అధ్యక్షులున్నారు. టీచర్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడి ట్రెజరీ జీతం, ఉద్యోగ భద్రత సాధించుకున్నాయి. ఆ విజయాన్ని వెనక్కి తీసుకోమని అడగడం అన్యాయం. నియామకం, జీతం, బదిలీ రాష్ట్రం దగ్గరే ఉండాలి. మిగిలినవి, అంటే భవనాలు, మరమ్మతులు, గ్రాంటు, క్యాలెండరు, వలస పిల్లల జాబితా, భోజన పథకం బిల్లులు, జిల్లా పరిషత్‌కు ఇవ్వవచ్చు. కేరళ 1995లో హైస్కూళ్లను జిల్లా పంచాయతీలకు, ప్రాథమిక బడులను గ్రామ పంచాయతీలకు బదలాయించింది. మరుసటి ఏడాది మొదలైన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు కేటాయించింది. టీచర్ల జీతాలు మాత్రం రాష్ట్రమే ఇస్తోంది. మన టీచర్లు భయపడాల్సిన మార్గం కాదది.

పేద మండలాలకు డబ్బెక్కడిది అన్నది రెండో ప్రశ్న. అమెరికాలో బడుల డబ్బులో పెద్ద భాగం స్థానిక ఇంటిపన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ ఎక్కువున్న చోట మంచి బడులు, తక్కువున్న చోట కొరత. 1973లో టెక్సస్‌కు చెందిన రోడ్రిగెజ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ అసమానతను రాజ్యాంగ విరుద్ధం కాదంది. చేపల ఎగుమతితో బతికే ఆకివీడుకూ లంక గ్రామానికీ మధ్య అలాంటి గోడ మనకొద్దు. నిధి రాష్ట్రమే ఇవ్వాలి, లంకలకు తలకింత ఎక్కువ ఇవ్వాలి. అమెరికా నుంచి తీసుకోదగ్గది వేరొకటి. మన తెలుగువాళ్లు ఎందరో ఉండే వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో స్కూలు బోర్డుకు 12 మందిని ప్రజలే ఎన్నుకుంటారు. ఆ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు, కౌంటీ సభను అడిగి తెచ్చుకోవాలి. అయినా ఏటా బడ్జెటును జనం ముందు పెట్టి, బహిరంగ విచారణ జరిపి, ఆ తర్వాతే ఆమోదిస్తుంది. అధికారం చిన్నదైనా లెక్క బహిరంగం. ఇదే పని ఏలూరు జెడ్పీ సమావేశ మందిరంలో జరగడానికి అడ్డేమీ లేదు.

మాట చెల్లేవాళ్ల పిల్లలు ప్రైవేటు బడులకు వెళ్లిపోయాక జెడ్పీ సభ్యులకు ఈ బడుల మీద ఆసక్తి ఎందుకుంటుందని కూడా అడుగుతారు. నిజమే, ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఉదయం రోడ్ల మీద తిరిగే పసుపు బస్సులే దానికి సాక్ష్యం. ప్రభుత్వ బడుల్లోనే ఉండిపోయిన పిల్లల తల్లిదండ్రులకు చట్టబద్ధమైన గొంతు కావాల్సింది కూడా అందుకే. చదువురాని తల్లిదండ్రులు ఏం చేస్తారని తీసిపారేయనక్కర్లేదు. నాడు-నేడులో పెయింట్లు, ఫ్యాన్లు, బల్లలు రాష్ట్రస్థాయి టెండర్లతో కొన్నా, కట్టుబడి పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిగాయి. లోపాలు వచ్చాయి, కాంట్రాక్టర్ల పనుల్లోనూ వస్తాయి.

2021లో ఎన్నికైన జిల్లా పరిషత్‌ల ఐదేళ్ల గడువు 2026 సెప్టెంబరుతో తీరుతుంది. ఆ తర్వాత కొత్త హద్దులతో పరిషత్‌లు ఏర్పడాలి. అప్పుడు కైకలూరు ఏలూరు జెడ్పీలోకి, తాడేపల్లిగూడెం భీమవరం జెడ్పీలోకి మారడంతో సరిపెడితే మారేది బోర్డు మీద పేరొక్కటే. తొమ్మిదో సెక్షనులోని విధులను నిధులతో సహా ఆ పరిషత్‌లకు అప్పగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఓటు అడగడానికి వచ్చే జెడ్పీటీసీ అభ్యర్థిని మన బడికి ఏం చేస్తావని కాదు, బడి లెక్క ఏటా మా ముందు పెడతావా అని అడగాలి. అంతదాకా ఆగక్కర్లేదు కూడా. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూసే బాధ్యత ఆ కమిటీదేనని చట్టంలో ఉంది. వచ్చే సమావేశానికి వెళ్లి, ఈ ఏడాది స్కూలు గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడగండి.